నగరాన్ని మైనర్‌గా చదవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిగ్రీలో ఎకనామిక్స్ మేజర్‌గా చదువుతున్నాను. మా యూనివర్సిటీలో ఈ ఏడాది ‘నగర అధ్యయనాలు’ అనే మైనర్ (మేజర్‌తో పాటు చదివే చిన్న అనుబంధ సబ్జెక్టు) పెట్టారు. చరిత్ర, భూగోళం, చట్టం, పర్యావరణం, సాహిత్యం, అన్నీ అందులో ఉన్నాయి. ఇన్ని విభాగాల నుంచి ఒక్కో పేపరు చదివితే ఏదీ సరిగా రాదని సీనియర్లు భయపెడుతున్నారు. చేరమంటారా? (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: మీ సీనియర్ల మాట పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు ఉంటే, అందులో మైనర్‌కు దక్కేది 24 మాత్రమే. ఈ కాస్త చోటులో టైమ్‌టేబుల్‌కు కుదిరిన పేపర్లనూ, మార్కులు బాగా వేస్తారని పేరున్న పేపర్లనూ ఏరుకుంటే మిగిలేది కలగూరగంపే. అందువల్ల పేపర్లను ఎంచుకోవడానికి ముందు నగరం గురించి మీకు నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న ఒకటి ఎంచుకోండి. ఆ ప్రశ్నకు ఏయే విభాగాలు అవసరమో అప్పుడు మీకే తెలుస్తుంది.

మీరు ఉన్నది హైదరాబాద్‌లో కనుక మూసీనే తీసుకుందాం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఊళ్లోకి వచ్చిన నీటిని ఆపడంకన్నా ఊరికి ఎగువనే పట్టి నిలపడం మేలని ఆయన సూచించిన మీదట, మూసీ పైన ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఉపనది ఈసీ పైన హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. ఇంతవరకూ ఇంజనీరింగ్ పేపరు చెబుతుంది. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించిన సంగతి చరిత్ర పేపరులో వస్తుంది. ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ రాత్రి గురించి రాసింది చదివితే తప్ప, క్యూసెక్కుల లెక్క దేని గురించో మనసుకు ఎక్కదు. సాహిత్యం పేపరు అలంకారానికి పెట్టింది కాదని నేననేది అందుకే.

ఇక మీ ఎకనామిక్స్‌కు పని దొరికే చోటు చూడండి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండు జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. వాటిని కాపాడటానికి 1996 మార్చిలో 111వ నంబరు జీవో వచ్చింది. పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలకూ పెద్ద నిర్మాణాలకూ అది అడ్డుకట్ట వేసింది. నీళ్లు తాగింది నగరం, వరద తప్పింది నగరానికి. ఆ పది కిలోమీటర్ల గీతకు ఇవతల పొలమున్న రైతు మాత్రం అవతల ఎకరం ధర పెరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఆ నష్టాన్ని ఎవరు భరించాలి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది అచ్చమైన ఎకనామిక్స్ ప్రశ్న. దానికి జవాబు తేల్చకుండానే 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు ఎత్తివేశారు. అప్పుడు రైతు పక్షాన మాట్లాడినవారూ, చెరువు పక్షాన మాట్లాడినవారూ ఒకరి లెక్క ఒకరు చూడలేదు. మీ మైనర్ మీకు నేర్పవలసింది ఆ రెండు లెక్కలనూ ఒకే కాగితం మీద వేయడం.

ఒక్క హెచ్చరిక. మూసీ కథ తెలిసిందని నగరపు వరదలన్నీ తెలిసినట్లు కాదు. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు కాలనీలు మునిగినప్పుడు గుర్రం చెరువు కట్ట తెగింది. ఒక చెరువు అలుగు పారి కింది చెరువులోకి వెళ్లే గొలుసుకట్టులో, మధ్య నాలాలు (వాననీటి కాలువలు) ఇరుకైపోతే ఏమవుతుందో అక్కడ కనిపించింది. నదికి కనుక్కున్న ఉపాయం నాలాకు పనికిరాలేదు. చేరండి.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సివిల్ రెండో సంవత్సరం. అదనంగా క్రెడిట్లు చదివి నగర ప్రణాళికలో మైనర్ చేస్తానంటున్నాడు. ఇది ఉంటే టౌన్ ప్లానర్ ఉద్యోగానికి అర్హత వస్తుందా అండీ? (ఒక తండ్రి, విజయవాడ)

జవాబు: రాదండీ. ప్లానర్ పోస్టులకు సాధారణంగా బి.ప్లాన్, ఎం.ప్లాన్ వంటి ప్రణాళికా డిగ్రీలే అడుగుతారు. వాటి కోసం మీ ఊళ్లోనే 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. అయితే సివిల్ ఇంజనీర్లు ఎం.ప్లాన్‌లో చేరవచ్చు. ఆ దారిలో వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి మైనర్ చవకైన పరీక్ష. మైనర్‌కు పడేది 18 నుంచి 20 అదనపు క్రెడిట్లు, అంటే మిగిలిన సెమిస్టర్లలో చాలా సాయంత్రాలు. వాటిలో క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మ్యాపులు చేయడం, మునిసిపాలిటీ బడ్జెట్ పద్దు చదవడం, ఈ రెండూ నేర్పుతున్నారా అని అడిగి చూడండి. నేర్పకపోతే ఆ సాయంత్రాలు అబ్బాయి మేజర్‌కే పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పెద్ద గ్రామం. పాఠాల్లో అన్నీ ముంబై, ఢిల్లీ, హైదరాబాదే. మా ఊరు ఈ చదువులోకి రాదా సార్? (ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: అసలు నగరమని దేన్ని అనాలి అన్న ప్రశ్న మీ ఊరి దగ్గరే మొదలవుతుంది. జనగణన వాళ్లు మునిసిపాలిటీ లేని ఊరిని కూడా పట్టణంగా లెక్కిస్తారు. అందుకు జనాభా కనీసం 5,000 ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్లలో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మూడో షరతును మరోసారి చదవండి. అందులో ఉన్నది మగవాళ్లు మాత్రమే. మీ వైపు ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చేట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి కట్టలు కడతారో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ పని వ్యవసాయం కాదు, అయినా ఊరు పట్టణమా కాదా అని తేల్చే చోట దాన్ని చూడరు. మీ ఊళ్లో ఒక వాడ తీసుకుని ఆడవాళ్ల పనిని కూడా కలిపితే ఆ శాతం ఎంత మారుతుందో లెక్కకట్టండి. సామాజిక శాస్త్రం, గణాంకాలు, పరిపాలన ఒకేచోట కలిసే పరిశోధన అది, బస్సు ఎక్కకుండా చేయవచ్చు.

ప్రశ్న: మా కాలేజీలో ఈ మైనర్‌కు క్షేత్ర ప్రాజెక్టు నేనే చూస్తున్నాను. పిల్లలు వందేసి ప్రశ్నావళులు నింపుకొస్తున్నారు, నివేదికలో మాత్రం ఏమీ ఉండటం లేదు. ఏం చేయాలి? (ఒక అధ్యాపకురాలు, తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: మేడమ్, వంద మందిని పది నిమిషాల చొప్పున అడిగే బదులు ఒక్క బండి దగ్గర ఒక రోజంతా నిలబడనివ్వండి. బస్టాండు ఎదుట బజ్జీల బండి అనుకుందాం. అడగవలసినవి చిన్న సంగతులే. రాత్రి బండి ఎక్కడ పెడతారు, అందుకు ఎవరికైనా ఇస్తారా? పిండి కలిపే నీళ్లు ఎక్కడివి? బల్బుకు కరెంటు ఏ కొట్టు నుంచి లాగారు? పొద్దున సరుకుకు డబ్బు ఎక్కడిది, సాయంత్రం వసూలుకు వచ్చేదెవరు? దీన్ని తెలంగాణలో గిరిగిరి అంటారు, మీ వైపు డైలీ ఫైనాన్స్ అంటారు. మునిసిపాలిటీ ఆశీలు (బజారులో అమ్ముకునేవారి దగ్గర వసూలు చేసే రుసుము) చీటీ మీద ఎంత రాసి ఉంది, చేతికిచ్చింది ఎంత? వేలంపాటలో ఆశీలు వసూలు చేసే హక్కు ఎవరు దక్కించుకున్నారు?

ఈ వివరాలు తెచ్చాకే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారి చేతికివ్వండి, ముందు వద్దు. అయిదేళ్లకొకసారి సర్వే జరపాలనీ, అది పూర్తయ్యేవరకూ ఎవరినీ ఖాళీ చేయించకూడదనీ, టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలనీ, వారిలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలనీ అందులో ఉంది. బండి ఆవిడకు ఈ కమిటీ పేరు తెలుసా, గుర్తింపు కార్డు ఉందా అని పిల్లలు రెండోసారి వెళ్లి అడుగుతారు. ఆ రెండోసారి వెళ్లడంలోనే అసలు చదువు జరుగుతుంది. చట్టం, అప్పు, నీళ్లు, రోడ్డు, నాలుగూ రెండు గజాల చోటులో ఎలా ఇరుక్కున్నాయో వాళ్లకు కనబడుతుంది.

నివేదికను తెలుగులో రాయనివ్వండి. ఆశీలు అన్న మాటను ‘మార్కెట్ ఫీజు’ అని మార్చిన క్షణంలో వేలంపాట, పాటదారు, చీటీ, బేరం అన్నీ ఎగిరిపోతాయి. ఇంకో సంగతి: చీటీకి మించి ఎవరికి ఎంత ఇస్తున్నదీ ఆవిడ పిల్లలను నమ్మి చెబుతుంది. నివేదికలో ఆవిడ పేరూ, ఫొటోలో బండి వెనక బోర్డూ లేకుండా మీరే స్వయంగా చూసుకోండి.