జంతువులంటే ఇష్టపడే పిల్లలతో సముద్రం దగ్గరికి వెళ్ళాలంటే గంజాం జిల్లా ఎలా ఉంటుంది?

మీరు అడిగింది ఇదీ: ఎనిమిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, ఇద్దరికీ జంతువులంటే ప్రాణం. విశాఖ నుంచి రైల్లో వెళ్ళేంత దూరంలో సముద్రం ఉండాలి, జూలో కాకుండా బయట తిరిగే జంతువులు కనిపించాలి.

మాది ఒడిశా, గంజాం జిల్లాలోని బరంపురం. తాతల కాలం నుంచి ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. మా అమ్మాయినీ, మా చెల్లెలి కొడుకునీ వెంటబెట్టుకుని ఈ తీరమంతా తిరిగాను కాబట్టి ధైర్యంగా రండి అంటాను. కానీ హోటల్ వెతకడంతో మొదలుపెట్టకండి. పిల్లలకు ఏ జంతువును చూడాలని ఉందో అడిగి, దాన్ని బట్టి నెల ఖాయం చేసుకోండి. దసరా సెలవులకు వస్తే ఇక్కడి బీచ్ ఊరు గోపాల్‌పూర్‌లో అలలు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. పైగా అక్టోబర్ అంటే మాకు తుఫానుల నెల. 2013లో ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే.

మీ పిల్లల వయసుకు నేను చెప్పేది తాబేలు పిల్లల సమయం. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, పురుణాబంధ, గోఖర్‌కుద, పోడంపేట వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2023లో 6 లక్షలకు పైగా వచ్చాయి, 2025లో దాదాపు 7 లక్షలు. మధ్యలో 2024లో అలా గుంపుగా రానే లేదు. అందుకే ముందే టికెట్లు కొనేసి, పిల్లలకు మాట ఇచ్చేసి బయల్దేరితే కష్టం.

తల్లి తాబేళ్ళు ఎక్కువగా రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. ఐదేళ్ళ బాబు ఆ చీకట్లో, మాట్లాడకుండా, టార్చి వెయ్యకుండా గంటలు గంటలు కూర్చోలేడు. పైగా గుడ్లు పెట్టే రోజుల్లో అటవీ శాఖ వాళ్ళు జనాన్ని దగ్గరికి రానివ్వరు, అది మంచిదే. గుడ్లు పొదగడానికి సుమారు 45 నుంచి 55 రోజులు పడుతుంది. కాబట్టి పేపర్లో తాబేళ్ళు వచ్చాయన్న వార్త చూడగానే తేదీ రాసుకుని 45 రోజులు కలపండి. ఫిబ్రవరి మూడో వారంలో పెడితే ఏప్రిల్ మొదటి వారం దాటాక పిల్లలు బయటికి వస్తాయి. మార్చిలో పెడితే మీ వేసవి సెలవులకు సరిగ్గా సరిపోతుంది.

తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే వెళ్ళాలి. ఇసుక కొంచెం కుంగుతుంది, అందులోంచి ఒక తల, ఆ వెనకే పదులకొద్దీ నల్లటి పిల్లలు. ఒక్కొక్కటి మీ పాప అరచేతిలో పట్టేంత. వాటికి దారి చూపేది నీటి మీద కనిపించే వెలుతురు. ఊళ్ళో దీపాలు ఎక్కువైతే అటు తిరిగి నడుస్తాయి. అందుకే ఈ ఊళ్ళ కుర్రాళ్ళు రాత్రుళ్ళు కాపలా కాస్తూ, దారి తప్పినవాటిని ఏరి నీటి దగ్గర వదులుతుంటారు. మీ ఫోన్ల లైట్లు, ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి. మీ పిల్లలు వాటిని చేత్తో పట్టుకోకూడదు, అడుగు వేసే ముందు ఇసుక చూసుకోవాలి. కంచె కట్టి ఉంటే దాని ఇవతలే నిలబడండి.

ఒక విషయం మాత్రం ఇంటి దగ్గరే చెప్పి తీసుకురండి. ఒడ్డున చచ్చిన పెద్ద తాబేళ్ళు కనిపించవచ్చు. అవి ఊపిరి కోసం పైకి రావాలి కదా, ట్రాలర్ వలల్లో చిక్కితే ఆ వీలుండక చనిపోతాయి. అందుకే ఈ మొగ చుట్టూ సముద్రంలో 20 కిలోమీటర్ల వరకు నవంబర్ 1 నుంచి మే 31 దాకా చేపల వేట నిషేధం. ఇక బయటికొచ్చిన పిల్లల్ని కాకులు, గద్దలు, కుక్కలు ఎత్తుకుపోతాయి. మా అమ్మాయి కళ్ళ ముందే ఒక కాకి ఒకదాన్ని తన్నుకుపోయింది. చాలాసేపు ఏడ్చింది. నేను తన కళ్ళు మూయలేదు, అక్కణ్ణించి లాక్కుపోనూ లేదు. ఒక్క గూట్లో వందకు పైగా గుడ్లు ఎందుకుంటాయో ఆ పొద్దున తనే అడిగింది, అక్కడి జాలరి ఒకాయన తెలుగులోనే ఓపిగ్గా చెప్పాడు. గోపాల్‌పూర్, పోడంపేటల్లో మత్స్యకారులు చాలామంది తెలుగువాళ్ళే. మీ పిల్లలకు ఎన్ని ప్రశ్నలుంటే అన్నీ అడగనివ్వండి.

డాల్ఫిన్లు కావాలంటే రంభ వెళ్ళకండి. రంభ మాకు దగ్గర, చిలికా సరస్సు అక్కడ ఎంతో అందంగా ఉంటుంది, దీవులు చూడొచ్చు. కానీ ఇరావడి డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది సాతపడా వైపు, పూరీ నుంచి వెళ్ళాలి. టీవీలో చూసినట్టు ఎగిరి దూకుతాయని పిల్లలు ఎదురుచూస్తారు. ఇవి అలా చెయ్యడం అరుదు. గుండ్రటి తల, చిన్న వీపు రెక్క, ఒక్క క్షణం, అంతే. బోటు ఎక్కే ముందే వెంటబడి తరమొద్దని, దూరంలో ఇంజన్ ఆపమని బోటు అతనికి గట్టిగా చెప్పండి. ఇంజన్ రెక్కలు తగిలి వాటికి గాయాలవుతాయి. పక్షుల పిచ్చి ఉంటే డిసెంబర్, జనవరిల్లో చిలికా ఒడ్డునే ఉన్న మంగళాజోడి. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు గడకర్రతో పడవ తోస్తూ పేర్లు చెప్పి చూపిస్తారు.

ఒక పూట భేట్‌నోయ్‌కి తప్పకుండా కేటాయించండి. అదీ గంజాం జిల్లాలోని పల్లే. సముద్రం కాదు, పొలాలు. కంచెలు లేకుండా కృష్ణజింకలు మందలుగా మేస్తుంటాయి. 2021 లెక్కలో గంజాంలో 7 వేలకు పైగా తేలాయి. పంట తింటున్నా రైతులు కొట్టరు, అవి ఉంటే వానలు పడతాయని నమ్మకం. ఉదయం ఎండ ముదరకముందే వెళ్తే మెలికల కొమ్ముల మగజింకలు బాగా కనిపిస్తాయి. మా మేనల్లుడు తాబేళ్ళకంటే వీటినే ఎక్కువ తలుచుకుంటాడు.

బస గోపాల్‌పూర్‌లో పెట్టుకోండి, బరంపురం స్టేషన్ నుంచి అరగంట. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి, ఇక్కడ కెరటం వెనక్కి లాగే బలం చాలా ఎక్కువ. సాయంత్రాలు ఇసుకలో పీతలు బొరియల్లోంచి వచ్చి పరుగులు తీస్తాయి, ఐదేళ్ళ బాబుకి అది చాలు.

పరీక్షలు ఏ తేదీకి అయిపోతాయో రాయండి. ఈ ఏడాది తాబేళ్ళు ఎప్పుడు ఒడ్డెక్కాయో ఇక్కడ కనుక్కుని, ఏ వారం రావాలో చెబుతాను.