కేసు కొట్టేశారు, మరి సస్పెన్షన్ కాలం జీతం సంగతి?

ప్రశ్న: నేను ఆంధ్రప్రదేశ్‌లో జూనియర్ అసిస్టెంట్‌ని. పొలం గట్టు తగాదాలో నామీద హత్యాయత్నం కేసు పెట్టారు. మూడేళ్లు సస్పెన్షన్‌లో ఉన్నాను. కోర్టు కేసు కొట్టేసిన ఏడు నెలలకు పోస్టింగ్ ఇచ్చి, 'సస్పెన్షన్ కాలం నాట్ ఆన్ డ్యూటీ' అని ఒక్క లైన్ ఆర్డర్ చేతిలో పెట్టారు. పూర్తి జీతం రాదా?

జవాబు: కేసు కొట్టేస్తే జీతం దానంతట అదే వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ అలా రాదండి. గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఈ మాట చెప్పింది, అతను కేసులో ఇరుక్కోవడానికి యాజమాన్యం కారణం కాదు కాబట్టి పని చేయని కాలానికి జీతం ఇమ్మని బలవంతం చేయలేమంది. మీదీ ఊరి తగాదానే కాబట్టి మీ ఆఫీసు కూడా ఇదే వాదన తెస్తుంది.

అయినా ఆ ఒక్క లైన్ ఆర్డర్ మాత్రం చెల్లదనే నా అభిప్రాయం. ప్రభుత్వ ఉద్యోగుల జీతభత్యాల నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 54-బి ప్రకారం సస్పెన్షన్ పూర్తిగా అన్యాయమని తేలితే పూర్తి జీతం, అలవెన్సులు ఇవ్వాలి. తగ్గించి ఇవ్వాలనుకుంటే ఎంత ఇస్తారో చెప్తూ ముందు మీకు నోటీసు ఇచ్చి, మీ జవాబు చూశాకే ఆర్డర్ వేయాలి. మీకు నోటీసు వచ్చిందా? రాకపోతే మీకున్న గట్టి పాయింట్ అదే.

జడ్జిమెంట్ సర్టిఫైడ్ కాపీ తెచ్చుకుని చివరి రెండు మూడు పేజీలు నిదానంగా చదవండి. ఫిర్యాదే కల్పితమని, మీరు అక్కడ లేనేలేరని రాసుంటే ఆ వాక్యాల కింద గీత గీసి మీ ఆఫీసుకు ఇచ్చే అర్జీకి జతచేయండి, సాక్షులు ఎదురుతిరిగారనో సంశయ లాభం (నేరం అనుమానం లేకుండా రుజువు కాలేదని వదిలేయడం) ఇచ్చామనో ఉంటే మాత్రం మూడేళ్ల పూర్తి జీతం కష్టమే, ఉన్నమాట చెప్తున్నాను.

కానీ ఆ ఏడు నెలలు వదలకండి! నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా ఇంట్లో కూర్చోబెట్టింది ఆఫీసే కదా. 2019లో రాజ్ నారాయణ్ అనే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు సస్పెన్షన్ కాలానికి జీతం కాదంటూనే, తీర్పు రోజు నుంచి తిరిగి తీసుకున్న రోజు వరకు ఇవ్వమంది.

అర్జీలో సస్పెన్షన్ కాలం జీతం, తీర్పు తర్వాతి ఏడు నెలల జీతం విడివిడిగా అడగండి. పూర్తి జీతం కుదరదంటే మీ ఖాతాలో ఉన్న సెలవుగా మార్చమని కూడా రాయండి, రూల్‌లో ఆ వీలుంది. రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేయాలి.