కారు మూడు లక్షల కిలోమీటర్లు నడవాలంటే ముందు రేడియేటర్‌లోని నీళ్లను చూడండి

1,20,000 కిలోమీటర్లు తిరిగిన తన డీజిల్ కారును మూడు లక్షల దాకా నడపాలంటే ఏ ఇంజన్ ఆయిల్ పోయించాలని ప్రొద్దుటూరు సోదరుడు ఒకరు అడిగారు. నేను కడపలో ఉంటాను. 2011లో కొన్న నా డీజిల్ కారు ఇప్పటికి 2,86,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ విషయంలో కారుతో వచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు రాసి ఉంటే అది పోయించండి, చాలు. మన ప్రాంతంలో ఆయిల్ వల్ల చెడిపోయే ఇంజన్ల కంటే నీళ్ల వల్ల చెడిపోయేవే ఎక్కువని నా గట్టి నమ్మకం.

2016 మే నెలలో భార్యాపిల్లలతో, అత్తగారితో రాయచోటికి బయలుదేరాను. గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీ వెనుక, ఏసీ వేసుకుని రెండో గేరులో ఎక్కుతుండగా, రెండేళ్లుగా సగానికి దిగువనే ఉంటూ వచ్చిన ఉష్ణోగ్రత ముల్లు చూస్తుండగానే ఎర్రగీతను తాకింది. బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తితే లోపల నీళ్లు కుతకుతమంటున్నాయి. తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పబోతుంటే, వెనుక లారీ డ్రైవర్ పరుగున వచ్చి, "అన్నా, మూత ముట్టొద్దు, మొగమంతా కాలిపోతాది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మూత బిగించి ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఆగే నీళ్లు, మూత తీసిన క్షణంలోనే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. ఆ మనిషికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మరునాడు షెడ్డులో రేడియేటర్ విప్పితే ఇటుక రంగు నీళ్లు కారాయి. సన్నని గొట్టాల నిండా, మన ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేలాంటి తెల్లని గార పేరుకుని ఉంది. అంతకుముందు నేను వెళ్లే షెడ్డులో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే, మందు కలిపిన నీళ్లు) తగ్గిన ప్రతిసారీ బోరు నీళ్లు కలిపేవారు. ఆ నీళ్లలోని సున్నం వేడికి గార కడుతుంది, కూలెంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే మందు పలచబడుతుంది. వేడికి ఇంజన్ పైభాగాన ఉండే అల్యూమినియం హెడ్డు వంగి, దాని కింద అతుకు కారకుండా ఉంచే గ్యాస్కెట్ పోయింది. హెడ్డు చదును చేయించి, గ్యాస్కెట్, రేడియేటర్ కొత్తవి వేయించేసరికి 28,000 రూపాయలు అయ్యాయి. కొన్ని వందల రూపాయల కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ దగ్గర చూపిన నిర్లక్ష్యానికి అది నేను కట్టిన మూల్యం.

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది: ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ వాల్వే నా కారులో లేదు. ఎండల ప్రాంతంలో అది అక్కర్లేదని, తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని పాత షెడ్డులో పీకేశారట. ఈ అలవాటు మన వైపు ఇంకా పోకపోవడం నన్ను చాలా బాధిస్తుంది. ఇంజన్‌కు ఉండవలసిన వేడి కూడా లేకపోతే కాలని డీజిల్, చెమ్మ ఆయిల్‌లోనే మిగిలి లోపలి భాగాలను అరగదీస్తాయి. ఎవరైనా ఇంజన్ ఫ్లష్ అనో, పైన కోటింగ్ అనో వేలకు వేలు అడిగితే, ఆ డబ్బుతో మంచి కూలెంట్ పోయించుకోండి.

యర్రగుంట్ల దారిలో సిమెంటు లారీల వెనుక తిరిగేవారు ఎయిర్ ఫిల్టర్‌ను గాలి కొట్టి మళ్లీ మళ్లీ వాడకుండా కొత్తది వేయించాలి. ఆ దుమ్ము దృష్ట్యా నేను ఆయిల్ కూడా 10,000 కిలోమీటర్ల దాకా ఆగకుండా 7,500కే మార్పిస్తాను.

రేపు ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బాలోకి చూడండి. రంగు తుప్పులా కనిపిస్తే మొత్తం తీయించి, కడిగించి, కొత్తది పోయించండి. తర్వాత మైదుకూరు దారిలో పదిహేను కిలోమీటర్లు నడపండి. అప్పటికీ ముల్లు మామూలుగా నిలవవలసిన చోటికి రాకపోతే మీ కారులోనూ థర్మోస్టాట్ తీసేశారేమో, లేదా అది తెరుచుకున్నట్టే ఉండిపోయిందేమో, ఆ రోజే షెడ్డులో విప్పించి చూడండి.