అందరూ పాడుతున్న పాటకు అనుమతి ఎవరిని అడగాలి?

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక పాఠశాలలో సంగీతం నేర్పుతున్నాను. 'ద లయన్ స్లీప్స్ టునైట్' పాటకు తెలుగు మాటలు రాసి, వార్షికోత్సవంలో పిల్లలచేత పాడించి, ఆ వీడియోను యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నాను. ఎన్నో దశాబ్దాలుగా ఎంతోమంది పాడుతున్న ఈ పాట ఆఫ్రికా జానపదమని, దానిపై ఎవరికీ హక్కులు ఉండవని మిత్రులు అంటున్నారు. వీడియో కింద 'హక్కులు అసలు యజమానులవే' అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: ఇది జానపదం కాదు. అయితే చాలామంది చాలాకాలం అలాగే అనుకున్నారు, దానివల్ల ఒక కుటుంబం తీవ్రంగా నష్టపోయింది కనుక ముందుగా ఆ సంగతి చెబుతాను. ఈ బాణీ దక్షిణాఫ్రికాకు చెందిన జూలూ గాయకుడు సోలమన్ లిండాది. 1939లో జొహానెస్‌బర్గ్‌లోని గాలో స్టూడియోలో 'ఈవెనింగ్ బర్డ్స్' అనే తన బృందంతో ఆయన దీనిని 'ఎంబూబే' పేరుతో రికార్డు చేశారు. జూలూ భాషలో ఆ మాటకు సింహమని అర్థం. 1950ల తొలినాళ్లలో అమెరికాలోని 'ద వీవర్స్' బృందం ఆ రికార్డు విని, 'ఉయింబూబే' అన్న మాటను 'వీమొవే' అని పొరబడి పాడింది. రచయితగా పాల్ క్యాంబెల్ అనే కల్పిత నామం నమోదైంది. 1961లో జార్జ్ వైస్, మరో ఇద్దరు కలిసి ఆంగ్ల సాహిత్యం చేర్చగా 'ద టోకెన్స్' పాడిన రూపం అమెరికాలో అగ్రస్థానానికి చేరింది. 1994లో 'ద లయన్ కింగ్' చిత్రం దానిని కొత్త తరానికి చేర్చింది. తన హక్కులను పది షిల్లింగులకు రాసిచ్చిన లిండా మాత్రం 1962లో పేదరికంలోనే కన్నుమూశారు. ఆయన సమాధికి రాయి వేయించడానికి కుటుంబానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆ కుటుంబానికి చివరకు అక్కరకు వచ్చినది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలోని ఒక నిబంధన. రచయిత బతికుండగా తన హక్కును ఎవరికి రాసిచ్చినా, ఆయన మరణించిన 25 ఏళ్లకు అది వారసులకు తిరిగి వస్తుందని ఆ నిబంధన చెబుతుంది. లిండా విషయంలో ఆ గడువు 1987లో పూర్తయింది. (కొద్ది మార్పులతో 1914 నుంచి మన దేశంలోనూ అమలైనది ఆ చట్టమే.) దాని ఆధారంగా 2004లో వారసుల పక్షాన, 'ద లయన్ కింగ్' తీసిన డిస్నీపై దక్షిణాఫ్రికాలో దావా పడింది. 2006లో కుదిరిన రాజీలో 1987 నుంచి రావలసిన రాయల్టీలు, సహ స్వరకర్తగా లిండాకు గుర్తింపు దక్కాయి.

ఇక మీ విషయం. ఒక పాటలో బాణీ, సాహిత్యం, రికార్డింగు వేర్వేరు హక్కులు; ఎంతమంది పాడినా వాటిలో ఏ ఒక్కటీ రద్దు కాదు. మన 1957 చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం స్వరకర్త మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు లెక్కించాలి కాబట్టి, లిండా కట్టిన మూల బాణీపై భారతదేశంలో కాపీరైట్ 2022 చివరితో ముగిసింది. ఆ బాణీకి మీరు సొంతంగా తెలుగు మాటలు రాసుకోవచ్చు. 1961 నాటి ఆంగ్ల సాహిత్యం సంగతి అలా కాదు: అమెరికాలో ఆ కాలపు రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ ఉన్నందున 2056 చివరి వరకు దానికి హక్కుదారులు ఉంటారు, దాని అనువాదానికి వారి అనుమతి తప్పనిసరి. కనుక అడవిలో సింహం నిద్రపోతోందన్న ఆ ఆంగ్ల చరణాలను తెలుగు చేయకండి. 1961లో చేర్చిన స్వర విన్యాసాలను కూడా వదిలి, 1939 రికార్డు విని నేర్పండి. అందరికీ తెలిసిన ఆ స్వర వరుసను లిండాయే ఆ రికార్డు చివర ఆశువుగా పాడారు.

పాఠశాల కార్యక్రమంలో సిబ్బంది, విద్యార్థులు పాడటానికి 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది; ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, పాఠశాల కార్యక్రమాలతో సంబంధమున్నవారే అయితే వేదిక గురించి మీకు చింత అక్కరలేదు. యూట్యూబ్‌కు ఆ మినహాయింపు వర్తించదు. ఇదివరకే రికార్డయిన పాటను మళ్లీ పాడి రికార్డు చేసే కవర్ వెర్షన్లకు 31సి సెక్షన్ కింద లైసెన్సు ఉంది కదా అని ఎవరైనా చెప్పవచ్చు. అది ధ్వనిముద్రణలకే గాని వీడియోలకు కాదు. పైగా ముందస్తు నోటీసు, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ, సాహిత్యం మార్చరాదన్న షరతు ఉన్నాయి. మీకు అది పనికిరాదు. 'హక్కులు అసలు యజమానులవే' అన్న వాక్యం అనుమతికి బదులు కాదు. తెలిసే వాడుకున్నారనడానికి మీరే ఇచ్చిన సాక్ష్యం అవుతుంది. మన దేశంలో గడువు తీరిన బాణీకి అమెరికాలో ఇంకా రక్షణ ఉండవచ్చు కాబట్టి, పాట హక్కులున్న ప్రచురణకర్తల రాతపూర్వక అనుమతి వచ్చేవరకు వీడియోను యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టకండి. కొనుక్కున్న కరావోకే ట్రాకు మరొకరి రికార్డింగు కనుక దానిని వాడకుండా పిల్లల గొంతులతోనే నడిపించండి.

కాపీరైట్ గడువు ముగిసినా, రచయితగా గుర్తింపు పొందే హక్కును 57వ సెక్షన్ నిలిపి ఉంచుతుంది, దానిని వారసులు కూడా కోరవచ్చు. అందువల్ల వీడియో మొదట్లోనూ, వార్షికోత్సవ కరపత్రంలోనూ 'బాణీ: సోలమన్ లిండా, ఎంబూబే, 1939' అని స్పష్టంగా వేయించండి, పాడబోయే పిల్లలకు ఆయన ఎవరో చెప్పండి.