టెక్ సందేహాలు: స్కోప్‌కి వైఫై ఎందుకు?

ప్రశ్న: కొలరాడోలో ఉంటాను. నా .50 క్యాలిబర్ మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు కూరే) రైఫిల్‌కి ఫోన్‌తో కలిసే స్మార్ట్ స్కోప్ బిగించాను. 50 గజాల దగ్గర మొదటి గుండు బాగానే తగులుతుంది, తర్వాతవి తలో దిక్కూ పోతున్నాయి. యాప్ చెప్పినట్టు ప్రతిసారీ స్కోప్ మీద గురి సర్దే మరని క్లిక్కుల లెక్కన తిప్పుతున్నా లాభం లేదు. ఫర్మ్‌వేర్ (స్కోప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వేట సీజన్ దగ్గరపడితే చాలు, అమెరికా పాఠకుల నుంచి ఇదే ప్రశ్న. అందరికీ అప్‌డేట్ మీదే ఆశ!

మూతి నుంచి మందు కూరే తుపాకీ పేలిన ప్రతిసారీ గొట్టం నిండా మసి వదులుతుంది. మీ మొదటి గుండు శుభ్రమైన గొట్టంలోంచి వెళ్తోంది, మిగతావి మసిని ఒరుసుకుంటూ వెళ్తున్నాయి. ప్రతి షాట్ తర్వాత ఓ తడి గుడ్డముక్క, వెంటనే ఓ పొడి గుడ్డముక్క గొట్టంలో ఆడించండి. మందు కొలత మారకూడదు. గుండు మందు మీద పూర్తిగా ఆనినప్పుడు, దాన్ని లోపలికి నెట్టే రాడ్ మూతి దగ్గర ఎక్కడిదాకా వచ్చిందో గీత పెట్టుకోండి. గీత లోపలికి దిగలేదంటే గుండుకీ మందుకీ మధ్య ఖాళీ ఉన్నట్టే. అలా కాలిస్తే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. స్కోప్ మౌంట్ స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూడండి.

గుండు గుండుకీ క్లిక్కులు తిప్పడం మానండి. మూడు కాల్చి, ఆ మూడింటి నడిమధ్య ఎక్కడుందో చూసి అప్పుడు తిప్పండి. చాలా స్కోప్‌లలో ఒక క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, 50 గజాల దగ్గర అందులో సగమే. యాప్‌లో దూరం 100 అని వదిలేసి 50 దగ్గర కాలిస్తే, అది కావలసినదాంట్లో సగం క్లిక్కులే చెబుతుంది.

అసలు కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోపే కుదరదు, బ్యాటరీ సైట్లూ (బ్యాటరీతో నడిచే గురి పరికరాలు) కుదరవు. రూల్స్ చదవకుండా డబ్బు పోశారన్నమాట. అద్దం లేని ఇనుప సైట్లకు (గొట్టం మీద ముందూ వెనకా ఉండే గురి గుర్తులకు) మారితే, గుండు ఎటు జరగాలో వెనక సైట్‌ను అటే జరపండి. ముందు సైట్ అయితే దానికి ఎదురు దిక్కుకి.

నా టెన్షన్ మాత్రం వైఫై గురించి. వైఫై ఉన్న ఒక రైఫిల్‌లోకి చొరబడి చూపించారు సెక్యూరిటీ పరిశోధకులు రూనా శాండ్విక్, మైకేల్ ఆగర్ దంపతులు, 2015లో. కంపెనీ పెట్టిన డిఫాల్ట్ పాస్‌వర్డే వాళ్లకి తాళంచెవి. రైఫిల్ వేసుకునే గురి లెక్కలో గుండు బరువు అంకె మార్చేశారు. గురి ఒక టార్గెట్ మీద ఉంటే గుండు పక్క టార్గెట్‌కి తగిలింది! ట్రిగ్గర్ మాత్రం మనిషే నొక్కాలి, అదొక్కటే ఊరట.

ఇది జరిగి ఇన్నేళ్లయినా, గురి చూసే అద్దం వాడుకోవడానికి అకౌంట్ తెరవమంటారు, లొకేషన్ ఇమ్మంటారు, కాంటాక్ట్స్ కూడా అడుగుతారు. నేను కొట్టే టార్గెట్‌కీ మా పిన్ని నంబర్‌కీ ఏం సంబంధం? ఆ లొకేషన్ ఎక్కడైనా లీకైతే, ఏ ఇంట్లో తుపాకీ ఉందో దొంగలకి మ్యాప్ గీసి ఇచ్చినట్టే. తయారీదార్లకి ఇది పట్టదు, కొనేవాళ్లూ 'అలౌ' నొక్కేసి ముందుకెళ్తారు.

స్కోప్ వైఫై ఆపేయండి. పాస్‌వర్డ్ మార్చే వీలే లేకపోతే వాపసు ఇచ్చేయండి. యాప్‌కి లొకేషన్, కాంటాక్ట్స్ అనుమతులు తీసేయండి. గొట్టం తుడిచాక కూడా గుళ్లు చెదిరిపోతుంటే మళ్లీ రాయండి. మందు రకం, గుండు రకం చెప్పండి, ఫర్మ్‌వేర్ వెర్షన్ అక్కర్లేదు.