అండమాన్‌కు ఏ సెలవుల్లో వెళ్లాలి?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాకిద్దరు బడి పిల్లలు. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల్లో తప్ప ఊరు కదలలేం. మే నెలలో ఇక్కడి ఎండకే తాళలేకపోతున్నాం, సముద్రం మధ్యన ఇంకెంత మండుతుందో! ఏ సెలవులు మేలంటారు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఎండను బట్టి నెల ఎంచుకోవడం మన సీమ లెక్క. అక్కడ అది చెల్లదు. జనవరిలోనైనా మేలోనైనా పగటి వేడి ముప్పై డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. మీరు చూసుకోవాల్సింది గాలి, వాన.

నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందు తాకేది అండమాన్‌నే, మామూలుగా మే మూడో వారంలో. మీ ఊరికి అవి వచ్చేసరికి జూన్ అవుతుంది. అవి తగ్గగానే ఈశాన్య గాలులు మొదలు. ఏడాదికి దాదాపు 3,000 మి.మీ. వాన పడుతుంది. అనంతపురంలో అయిదేళ్లకు పైగా పడేంత వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తుందన్నమాట.

అందుకే దసరా వద్దు. తడుస్తారని కాదు, పడవలు ఆగిపోతాయని. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ దీవికి ప్రైవేటు పడవలో గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండున్నర గంటల దాకా పడుతుంది. సముద్రం రేగితే రెండూ రేవులోనే కట్టేస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2016 డిసెంబరులో, మంచి సీజన్లోనే, హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది.

ఇక మిగిలినవి రెండు. సంక్రాంతికి హాయిగా ఉంటుంది, కానీ విమానం టికెట్లు, గదులు మండిపోతాయి. మూడు నెలల ముందే కొనాలి. మా ఓటు మాత్రం బడులు మూసిన వెంటనే, అంటే ఏప్రిల్ చివరి వారం నుంచి మే 10 లోపు వెళ్లి రావడానికే. ఆ రోజుల్లో సముద్రం సాధారణంగా నిలకడగా, నీళ్లు తేటగా ఉంటాయి. ఇబ్బందల్లా ఉక్కపోతే. మన ఎండలో చెమట పట్టినంత సేపట్లో ఆరిపోతుంది, అక్కడ ఆరదు. అప్పుడు సూర్యోదయం అయిదుకే, అస్తమయం అయిదున్నరకే. కాబట్టి పొద్దున్నే బయల్దేరి పదికల్లా గదికి వచ్చేయండి, మళ్లీ మూడుకు కదలండి. ఎనిమిదింటికి టిఫిన్ తిని తీరిగ్గా బయల్దేరితే సగం రోజు పోయినట్టే.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: పొద్దున హేవ్‌లాక్‌లో పడవ ఎక్కి, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో విమానం అందుకోవాలనుకోవడం. పడవ రద్దయితే విమానం డబ్బులూ పోతాయి. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే గడపండి. స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగున ఈత) చేసినవాళ్లు ఎలాగూ 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు.

బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, నగరానికి మీ వైపే ఉంది. నగరంలోకి వెళ్లి వెనక్కి రానక్కర్లేదు. కర్నూలు వాళ్లకు శంషాబాదూ అంతే.

ప్రశ్న: రాత్రిపూట సముద్రం నీలంగా మెరుస్తుందట, నీల్ దీవిలో రాతి వంతెన ఉందట. రెండూ చూడాలంటే ఏ తేదీలు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పంచాంగం తీయండి. మెరుపు నీళ్లలోని సూక్ష్మజీవులది. నీళ్లు కదిలితే వెలుగుతాయి, కానీ వెన్నెల ఉంటే కంటికి ఆనవు. కాబట్టి అమావాస్యకు మూడు రోజులు అటూ ఇటూ. రాతి వంతెన దగ్గరికి నీళ్లు బాగా తీసినప్పుడే నడిచి వెళ్లగలం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకూ పోటుకూ తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది కనుక అప్పుడే రాళ్లు బాగా బయటపడతాయి. అంటే అమావాస్యకు మీ రెండు కోరికలూ తీరతాయి. ఆటు (నీళ్లు తీయడం) రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న మూడింటికైతే ఇవాళ నాలుగుకు కాస్త ముందు. నీళ్లు పూర్తిగా తీయడానికి గంట ముందే అక్కడుండి, తిరిగి పెరగడం మొదలవగానే వచ్చేయండి. ఆ రాళ్లు చాకుల్లా ఉంటాయి, పైన నాచు. హవాయి చెప్పులు జారిపోతాయి, వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి.

పగడాల మధ్య ఈత కోసమే వెళ్లేవారికి మాత్రం అష్టమి రోజులు మేలు. అప్పుడు నీటి లాగుడు తక్కువ.

అన్నట్టు టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయ పురం.

ప్రశ్న: జూలైలో ప్యాకేజీ చవగ్గా వస్తోంది. రిటైరైన దంపతులం, వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: సెల్యులార్ జైలు, పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కలే చాలనుకుంటే వెళ్లండి. వాన రోజంతా కురవదు, ఆగి ఆగి పడుతుంది. హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు ప్యాకేజీలో ఉంటే మాత్రం, పడవ రద్దయినప్పుడు అక్కడి గది డబ్బు తిరిగిస్తారా, పోర్ట్ బ్లెయిర్‌లో అదనపు రాత్రి ఎవరి ఖర్చు అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.