గుంటగలగరాకు నూనె ముక్కిపోతోందా?

ప్రశ్న: ఇంట్లో కాచిన గుంటగలగరాకు నూనె పది రోజులకే ముక్క వాసన కొడుతోంది. అడుగున పచ్చటి మడ్డి చేరింది. తప్పెక్కడ?

జవాబు: నూనెలో తడి మిగిలిందమ్మా. పావు లీటరు నువ్వుల నూనెకు లీటరు ఆకు రసం, 60 గ్రాముల ఆకు ముద్ద కలిపి, మందపాటి గిన్నెలో సన్నసెగ మీదే కాచాలి. సెగ పెంచితే ముద్ద అడుగంటి మాడుతుంది, లోపలి తడి మాత్రం పోదు. చివర్లో ముద్దను కాస్త తీసి, చల్లారాక వేళ్ళ మధ్య నలపండి. వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపటలాడకూడదు. ఆడిందా, ఇంకా కాచాల్సిందే. ఈ పరీక్ష ఒక్కటీ మానకండి. తర్వాత వడగట్టి, బాగా ఆరిన గాజు సీసాలో పోయండి. ముక్కిన నూనె తలకు వద్దు, పారబోయండి.